మత్స్యన్యాయంలో సగమే నిజం: నది చేపల సైజు, నోరు, పేగు

బలమున్నవాడు బలం లేనివాణ్ణి మింగేసే పరిస్థితిని మత్స్యన్యాయం అంటాం. పెద్ద చేప చిన్న చేపను తింటుంది, అంతకు మించి చెప్పేదేముంది అన్న నమ్మకం ఆ మాట వెనక ఉంది. నదిలోకి దిగి చూస్తే ఈ న్యాయం అన్నిచోట్లా చెల్లదు. 2005లో థాయ్‌లాండ్‌లో మెకాంగ్ నది జాలర్లకు దొరికిన ఒక జెల్ల జాతి చేప బరువు 293 కిలోలు, పొడవు 2.7 మీటర్లు. మంచినీటిలో అంతటి చేపలు దొరకడం చాలా అరుదు. పెరిగి పెద్దయ్యాక ఆ చేప నోట్లో పళ్లే ఉండవు. దాని ముఖ్యమైన తిండి నాచు. దక్షిణ అమెరికా నదుల్లోని ఎర్రపొట్ట పిరాన్యా మూరెడు కూడా ఉండదు, కానీ తనకంటే పెద్ద చేపల తోకలూ రెక్కలూ కొరుక్కు తింటుంది.

అలాగని సైజుకూ తిండికీ సంబంధం లేదనుకోకూడదు. గట్టి సంబంధమే ఉంది. చేప ఎంత పెద్ద ముక్క మింగగలదు, ఎంత సారం లేని తిండితో నెట్టుకు రాగలదు అనే రెండు హద్దులను శరీరం సైజు గీస్తుంది. ఆ హద్దుల మధ్య అది అసలు ఏం తింటుందో నోరు, గొంతు, మొప్పలు, పేగు కలిసి తేలుస్తాయి. చేపను చూడగానే ఎంత పొడవుందో చూసేవాళ్లు ఎక్కువ, నోరు తెరిచి చూసేవాళ్లు తక్కువ. తిండి సంగతి తెలియాలంటే మాత్రం ముందు నోరే తెరవాలి.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మూడూ ఒకే కార్ప్ కుటుంబానివి. ఒకే నీటిలో కలిసి బతుకుతాయి, మూడూ కిలోల లెక్కన పెరిగేవే. వాటిని పక్కపక్కన పెట్టి ముఖాలు చూస్తే తేడా తెలిసిపోతుంది. బొచ్చెకు తల పెద్దది. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి నోరు ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. నీటి పైపొరల్లో తేలాడే సూక్ష్మ జంతువులను, అంటే జంతు ప్లవకాలను, కింద నుంచి వచ్చి అందుకోవడానికి ఆ వాలు సరిగ్గా సరిపోతుంది. శీలావతి నోరు చిన్నది, కాస్త కిందికి వాలి ఉంటుంది. పెదవి అంచు కత్తిరించిన కుచ్చులా చీలికలు చీలికలుగా ఉంటుంది. మధ్య నీటిలో తిరుగుతూ మొక్కల భాగాలనూ వాటికి పట్టిన నాచునూ తినడానికి ఆ పెదవి అక్కరకొస్తుంది. ఎర్రమోసు నోరు ముట్టె కింద వెడల్పుగా ఉంటుంది. అడుగు బురదలో కుళ్లుతున్న ఆకులూ అలములూ, వాటిలో పెరిగే సూక్ష్మజీవులూ దాని తిండి. మూడూ ఇంచుమించు ఒకే సైజులో ఉన్నా ఒకదాని కంచంలో మరొకటి పెద్దగా చెయ్యి పెట్టదు.

ఇప్పుడు పక్కనే ఒక వాలుగను పెట్టి చూడాలి. దాని నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. నోరు తెరిస్తే తల సగానికి చీలినట్టు అనిపిస్తుంది. దవడల మీద లోపలికి వంగిన సన్నని పళ్లు పట్టీల్లా పరుచుకుని ఉంటాయి. లోపలికి పోయే వేలును అవి అడ్డుకోవు, వెనక్కి లాగితేనే గీరుకుంటాయి. నమలడానికి పనికొచ్చే పళ్లు కావవి. పట్టిన చేప జారిపోకుండా లోపలికి మాత్రమే దారి ఇచ్చే పళ్లు.

బొచ్చె నోట్లో అలాగే తడిమి చూస్తే ఒక్క పన్నూ తగలదు. కార్ప్ కుటుంబంలో ఏ చేపకూ దవడల మీద పళ్లుండవు. కానీ నమలడం మాత్రం అవి బాగానే నములుతాయి. మొప్ప మూత ఎత్తి, మొప్పల వరస దాటి గొంతు దాకా చూస్తే, ఐదో మొప్ప కమాను ఎముక మీద పళ్లు మొలిచి ఉంటాయి. వాటికి ఎదురుగా, పుర్రె అడుగున, గట్టిపడిన ఒక మెత్త ఉంటుంది. తిండి ఆ రెంటి మధ్య నలుగుతుంది. రోలూ పొత్రమూ రెండూ గొంతులోనే ఉన్నాయన్నమాట.

చేప ఏం తింటుందో చెప్పడానికి ఈ గొంతు పళ్లకు మించిన సాక్ష్యం దొరకడం కష్టం. గడ్డి చేప (గ్రాస్ కార్ప్) గొంతు పళ్ల అంచులు రంపంలా గరుగ్గా ఉంటాయి, నీటి మొక్కలను చీల్చి ముక్కలు చేస్తాయి. దానికి దగ్గరి చుట్టమైన నల్ల కార్ప్‌కు పళ్లు మన దవడ పళ్లలా బల్లపరుపుగా, మందంగా ఉంటాయి, నత్తగుల్లలను పగలగొడతాయి. రెండూ మీటరు దాటి పెరుగుతాయి. బయటి నుంచి చూస్తే రంగు తప్ప పెద్ద తేడా తెలియదు. ఇలాంటి జోడీయే అమెజాన్‌లో ఇంకొకటి ఉంది: పిరాన్యా, తాంబకీ. రెండూ ఒకే కుటుంబం. పిరాన్యావి బ్లేడుల్లాంటి ముక్కోణపు పళ్లు. తాంబకీవి గట్టి గింజల్ని కూడా కొరికి పగలగొట్టే మొద్దు పళ్లు. 30 కిలోల దాకా తూగే తాంబకీ వరద నీరు అడవిలోకి చేరినప్పుడు చెట్ల కింద తిరుగుతూ, రాలిన పండ్లూ గింజలూ తింటుంది. ఇక్కడ పెద్ద చేపది శాకాహారం, చిన్న చేపది వేట.

మొప్పలంటే ఊపిరి పీల్చడానికే అనుకుంటాం. మొప్ప కమాను లోపలి అంచున, ఎర్రటి రేకులకు ఎదురు వైపు, దువ్వెన పళ్లలాంటి వరస ఒకటి ఉంటుంది. వీటిని గిల్ రేకర్లు అంటారు. వేటచేపల్లో ఇవి కొన్నే ఉంటాయి, పొట్టిగా, మొద్దుగా, ఎడంగా. మింగుతున్న చేప మొప్పల్లోంచి బయటపడకుండా అడ్డుకుంటే చాలు. ప్లవకాలు తినే చేపల్లో వందల కొద్దీ ఉంటాయి, సన్నగా, పొడవుగా, ఒత్తుగా. సిల్వర్ కార్ప్‌లో ఈ వ్యవహారం ఇంకా ముందుకు పోయింది. అక్కడ రేకర్లన్నీ ఒకదానితో ఒకటి అతుక్కుని స్పాంజిలాంటి జల్లెడగా మారిపోయాయి. మిల్లీమీటరులో వందో వంతు కంటే చిన్న కణాలను కూడా అది పట్టగలదు. అందుకే కంటికి కనిపించని తేలే నాచు, అంటే వృక్ష ప్లవకాల మీద బతికే చేప కూడా భారీగా పెరగగలుగుతోంది.

మిసిసిపీ నదిలోని ప్యాడిల్‌ఫిష్ ఈ వరసలో చూడదగ్గ చేప. మీటరున్నర దాటి పెరుగుతుంది. ముఖానికి ముందు తెడ్డులాంటి పొడవాటి ముట్టె. ఆ తెడ్డు నిండా విద్యుత్తును పసిగట్టే కణాలున్నాయి, నీటిలోని చిన్న చిన్న జంతు ప్లవకాల కదలికను కూడా అవి గుర్తిస్తాయి. చేప నోరు బార్లా తెరిచి ముందుకు ఈదుతూ పోతుంది, నీరు మొప్పల్లోంచి బయటికి, ప్లవకాలు గొంతులోకి. చైనాలోని యాంగ్జీ నదిలో దీని బంధువు ఉండేది. అది ఇంతకంటే పెద్దది, చేపల్ని వేటాడేది. ఒకే కుటుంబంలోని ఇద్దరు పెద్ద శరీరాలతో రెండు వేరువేరు తిండి దారులు పట్టారు. యాంగ్జీ చేప ఇక లేదు. అది అంతరించిందని ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ 2022లో ప్రకటించింది. ఇంతకాలం నిలిచిన ఒక వంశపు సగం కథ ఆగిపోయిందన్న బాధ ఈ చేప ప్రస్తావన వచ్చినప్పుడల్లా కలుగుతుంది.

ఇక పొట్ట లోపలికి. పేగు మెలికలు విప్పి, పొడవు కొలిచి, చేప పొడవుతో భాగిస్తే వచ్చే అంకె చాలా చెబుతుంది. వేటచేపల్లో అది ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది, అంటే పేగు చేపంత పొడవుంటుంది, లేదా ఇంకా తక్కువ. అన్నీ తినేవాటిలో సుమారు ఒకటి నుంచి మూడు. నాచు, బురద తినేవాటిలో మూడు దాటి ఎంతైనా పోవచ్చు. శీలావతి పొట్ట కోసినవాళ్లకు ఆ మెలికల కుప్ప గుర్తుండే ఉంటుంది. మాంసంలో పోషకాలు చిక్కగా ఉంటాయి, త్వరగా అరుగుతుంది. నాచులోనూ బురదలోనూ సారం తక్కువ, దాన్ని పిండుకోవడానికి తిండి పేగులో ఎక్కువ సేపు, ఎక్కువ గోడను రాసుకుంటూ సాగాలి. వాలుగ, కొర్రమీను లాంటి వేటచేపలకు సాగే గుణమున్న సంచిలాంటి జీర్ణాశయం ఉంటుంది. మింగిన చేపను అందులో దాచుకుని ఆమ్లంతో కరిగిస్తాయి. కార్ప్ కుటుంబానికి అసలు జీర్ణాశయమే లేదు. గొంతు దాటగానే పేగే. ముందే గొంతులో నూరుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఇక్కడ అర్థమవుతుంది.

ఈ లెక్కకు కూడా ఎదురు తిరిగే చేపలున్నాయి, అవి చాలా ముఖ్యమైనవి. గడ్డి చేప తినేది మొక్కలే, కానీ దాని పేగు శరీరానికి రెండు మూడు రెట్లకు మించదు. తక్కువ పేగుతో గడ్డి మీద బతకడానికి అది వేరే దారి పట్టింది. గొంతు పళ్లతో బాగా చీల్చి, అదే పనిగా తింటూ, తిన్నదాంట్లో సగం దాకా అరగకుండానే వదిలేస్తుంది. దక్షిణ అమెరికాలో చెక్కను గీకి తినే పనాకీ అనే చేప ఉంది. దాని పేగు చాలా పొడవు. చెక్కలోని సెల్యులోజ్‌ను అరిగించుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. పరీక్షించి చూస్తే చెక్క కొన్ని గంటల్లోనే బయటికి వచ్చేస్తోంది, అరుగుదల చాలా తక్కువ. చెక్క కుళ్లుతున్నప్పుడు అందులో పెరిగే సూక్ష్మజీవులూ, కుళ్లి మెత్తబడిన భాగమూ దానికి పోషణ. పేగు పొడవు చూసి సగం ఊహించొచ్చు, మిగతా సగం పొట్టలో ఏముందో చూసి తేల్చాలి.

అవయవాల సంగతి ఇంత తెలిశాక సైజు దగ్గరికి వద్దాం. వేటచేపలకు సైజు నిజంగానే ప్రాణం. చాలా వేటచేపలు ఎరను ముక్కలు చేయలేవు, మొత్తంగా మింగాలి. కాబట్టి నోరెంత తెరుచుకుంటే అంతే తినగలవు. ఎర పొడవు కంటే దాని వెన్ను నుంచి పొట్ట దాకా ఉన్న ఎత్తే ఇక్కడ అసలు కొలత. సన్నని పొడవాటి చేప జారిపోయినట్టు లోపలికి పోతుంది, గుండ్రని చేప దవడల దగ్గరే ఆగిపోతుంది. దీనికి చక్కని రుజువు యూరప్ చెరువుల్లో దొరికింది. పైక్ అనే వేటచేప ఉన్నచోట క్రూషియన్ కార్ప్ వెన్ను ఎత్తు పెరిగి, పళ్లెంలా తయారవుతుందని బ్రాన్‌మార్క్, మైనర్ అనే శాస్త్రవేత్తలు 1992లో చూపించారు. ఇది తరాల తరబడి జరిగే మార్పు కాదు. అదే చేప, తన జీవితంలోనే, పైక్ తన తోటి చేపల్ని తిన్న వాసన నీటిలో తగిలితే వెన్ను పెంచుకుంటుంది. వేటచేప నోటి కొలతను ఎర తన ఒంటి మీద రాసుకున్నట్టే. జెల్లలు ఇంకో ఉపాయం పన్నాయి. వెన్ను ముల్లునూ పక్క ముళ్లనూ నిక్కబొడిచి బిగించేస్తాయి, లాగినా వంచినా కదలవు. ఒళ్లు పెంచకుండానే మింగడానికి కుదరనంత పెద్దవైపోతాయి.

పిరాన్యా ఈ నియమాన్ని తప్పించుకున్నది పళ్ల వల్లే. ముక్క కొరికి తినగలిగితే నోటి వెడల్పు అడ్డం కాదు. వేటకు పెద్ద ఒళ్లు కావాలన్న షరతు మొత్తం ఎరను మింగాల్సినవాళ్లకే వర్తిస్తుంది.

సైజు గీసే రెండో హద్దు గురించి తక్కువ మాట్లాడుకుంటాం, కానీ మెకాంగ్ జెల్ల రహస్యం అక్కడే ఉంది. చేప బరువు పది రెట్లు పెరిగితే దానికి కావలసిన శక్తి పది రెట్లు పెరగదు, సుమారు ఆరు రెట్లే పెరుగుతుంది. అంటే ఒంట్లోని ప్రతి గ్రాముకూ పెద్ద చేప ఖర్చు తక్కువ. పైగా పెద్ద పొట్టలో పొడవాటి పేగుకు చోటుంటుంది, తిండి ఎక్కువ సేపు నిలుస్తుంది. సారం లేని నాచు మీద వేలెడు చేప బతకడం కష్టం. దానికి పురుగులూ ప్లవకాలూ లాంటి చిక్కని తిండి కావాలి. పెద్ద చేప నాచుతో నెట్టుకు రాగలదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆహార గొలుసులో ఒక మెట్టు ఎక్కితే శక్తిలో సుమారు పదో వంతే పైకి అందుతుంది. కింది మెట్టు దగ్గర తినేవాళ్లకు తిండి రాశుల కొద్దీ ఉంటుంది. అక్కడ తినగల నోరూ పేగూ ఉన్న చేపకు భారీగా పెరగడానికి ఏ అడ్డూ లేదు.

అందుకే నది మొత్తాన్ని తీసుకుని, ఏ జాతి ఎంత పెద్దది, ఆహార గొలుసులో ఏ మెట్టు మీద ఉంది అని లెక్క వేస్తే పొంతన కుదరదు. వెనెజువెలాలోని సినారూకో నది చేపల మీద 2005లో ప్రచురించిన పరిశోధన ఇదే చెప్పింది. చేప కండలోని నైట్రోజన్ ఐసోటోపులను, అంటే బరువులో తేడా ఉన్న నైట్రోజన్ రకాలను, కొలిస్తే అది ఏ మెట్టు మీద తింటోందో తెలుస్తుంది. ఆ నదిలో పెద్ద ఒళ్లుకూ పై మెట్టుకూ ఆశించిన సంబంధం కనిపించలేదు. బురద, నాచు తినే చేపలు కూడా అక్కడ బాగా పెరుగుతాయి, పెద్ద వేటచేపలు నేరుగా వాటినే పట్టి తింటాయి. మధ్యలో ఉండాల్సిన మెట్లు లేకుండానే గొలుసు పూర్తవుతుంది.

ఇంతవరకూ జాతికీ జాతికీ మధ్య తేడా చూశాం. ఒకే చేప జీవితంలో ఈ కథంతా మళ్లీ జరుగుతుంది, అదే అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మొదటి కొన్ని రోజులు పొట్టకు అంటుకున్న సొన సంచి చాలు. ఆ తర్వాత ఏ జాతి పిల్లైనా దాదాపు ఒకే తిండి కోసం నోరు తెరుస్తుంది: రోటిఫర్లనే అతి సూక్ష్మ జంతువులు, ఇతర చిన్న జంతు ప్లవకాలు. అంత చిన్న నోట్లో పట్టేవి అవే, అంత వేగంగా పెరిగే ఒంటికి సరిపడే ప్రొటీన్ ఉన్నవీ అవే. రేపటి వేటగాడు కొర్రమీనూ, రేపటి శాకాహారి గడ్డి చేపా ఈ వయసులో పక్కపక్కన కూర్చుని తినేవాళ్లే. కొన్ని సెంటీమీటర్లు పెరిగేసరికి దారులు వేరవుతాయి. కొర్రమీను పురుగులకూ, తర్వాత కప్పలకూ చేపలకూ మారుతుంది. గడ్డి చేపకు గొంతు పళ్లు గట్టిపడి మొక్కల వైపు తిరుగుతుంది. శీలావతి పేగు ఒంటి కంటే వేగంగా పొడవు పెరుగుతుంది. ప్యాడిల్‌ఫిష్ పిల్ల మొదట ప్లవకాలను ఒక్కొక్కటిగా ఏరుకుంటుంది, గిల్ రేకర్లు తయారయ్యాకే నీటిని వడగట్టడం మొదలుపెడుతుంది. మెకాంగ్ జెల్ల పిల్లలకు పళ్లుంటాయి, ఒకదాన్నొకటి తింటాయి కూడా. ఏడాది గడిచేసరికి నాచు దారి పడతాయి. సైజుతో తిండి మారుతుందన్న మాట నిజంగా చెల్లేది ఇక్కడే. జాతుల్ని పోల్చినప్పుడు తడబడే నియమం ఒకే చేప ఎదుగుదలలో స్పష్టంగా కనిపిస్తుంది.

నోరు చూసి అంతా చెప్పేయొచ్చనుకుంటే అదీ పొరపాటే. కారెల్ లీమ్ అనే శాస్త్రవేత్త 1980లో ఒక వింతను ఎత్తి చూపించారు. నత్తగుల్లలు పగలగొట్టడానికే పుట్టినట్టుండే గొంతు పళ్లున్న చేప, మెత్తని తిండి దొరికినంతకాలం నత్తల జోలికే పోదు. ప్రత్యేకమైన పనిముట్టు ఉన్నంత మాత్రాన రోజూ దాన్నే వాడాలని లేదు. కరువొచ్చినప్పుడు పనికొస్తే చాలు. ఇది నదులకు బాగా వర్తిస్తుంది, ఎందుకంటే నది ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. పనామా వాగుల్లో చేపల తిండిని పరిశీలించి జారెట్, ర్యాండ్ 1971లో రాసినది ఇదే: నీరు తగ్గి తిండి కరువైన ఎండాకాలంలోనే ఏ చేప తిండి దానిదిగా విడిపోతుంది. వరదల్లో అందరూ దొరికినదల్లా తింటారు. బాగా నీరున్న రోజు పొట్ట కోసి చూసినవాళ్లకు నోటి నిర్మాణానికి అర్థమే లేదనిపిస్తుంది. మళ్లీ వేసవిలో చూస్తే తెలుస్తుంది.

ఈ నోళ్లూ పేగులూ నది ఆరోగ్యాన్ని నేరుగా నిర్ణయిస్తాయి కాబట్టే ఇంత వివరం. 1970లలో అమెరికాకు తెచ్చిన సిల్వర్ కార్ప్ చెరువులు దాటి మిసిసిపీలోకి చేరింది. అది ఎవరినీ వేటాడదు, ఎవరినీ కరవదు. కానీ ఆ జల్లెడ మొప్పలతో ప్లవకాలను ఊడ్చేస్తుంటే, అదే తిండి మీద బతికే స్థానిక చేపలు చిక్కిపోయాయి. వెనెజువెలాలోని లాస్ మరియాస్ వాగులో 2006లో ప్రచురించిన ఇంకో ప్రయోగం ఉంది. బురద తినే ప్రోకిలోడస్ అనే ఒకే ఒక్క జాతిని వాగులో ఒక సగం నుంచి తప్పించి చూశారు. వాగు కిందికి మోసుకుపోయే సేంద్రియ పదార్థం తగ్గిపోయింది. మిగతా చేప జాతులు ఎన్నో ఉన్నా, ఈ చేప చేసే పనిని ఇంకెవరూ అందుకోలేకపోయారు.

తాంబకీ విషయం ఇంకా దిగులు పుట్టిస్తుంది. అది గట్టి గింజల్ని పగలగొట్టినా, చిన్న గింజల్ని నలగకుండా మింగుతుంది. పొడవాటి పేగులో అవి చాలాసేపు ఉంటాయి, ఈలోగా చేప వరద నీటిలో ఈదుతూ వాటిని ఐదు కిలోమీటర్ల దాకా తీసుకెళ్లి విడిచిపెట్టగలదు. అమెజాన్ వరద అడవిలో ఎన్నో చెట్లు అలా కొత్త చోటికి చేరుతున్నాయి. పట్టేవాళ్లు ముందు పట్టేది పెద్ద తాంబకీలనే. మిగిలిన చిన్నవి కూడా పండ్లు తింటాయి, కానీ తక్కువ గింజలు మింగుతాయి, తక్కువ దూరం మోస్తాయి.